బంపర్ కింద అమ్మ పేరు

నందిగామ,
5 అక్టోబరు 2024

రత్నబాబుకి,

ప్రభువు నామంలో శుభాలు అని మొదలుపెట్టడం మనింటి అలవాటు. ఇవాళ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని రాయడం లేదు.

నేను ఫోను ఎత్తడం లేదని మీ బావతో చెప్పుకున్నావట. ఎత్తను. నేను రెండు మాటలు అనేసరికి "సిగ్నల్ లేదక్కా" అంటావు. జగ్గయ్యపేటలో నాతో మాట్లాడేటప్పుడు తప్ప మిగతా అందరితోనూ నీకు సిగ్నల్ ఉంటుంది. ఉత్తరానికి ఆ రోగం లేదు. మధ్యలో కట్ చేయడం కుదరదు. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి.

బ్రేకులు చూస్తానని ఆగస్టులో కారు తీసుకెళ్ళావు. నెల దాటాక, నేను బడిలో ఉండే సమయం చూసుకుని, షెడ్డులో పెట్టి, తాళం మీ బావ చేతికిచ్చి జారుకున్నావు. సాయంత్రం వచ్చి తలుపు తీశాను. నాన్న ఎమ్‌జీ కారుకి గడ్డం మొలిచింది. బంపర్ కింద, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా, నేలకి జానెడు ఎత్తులో ఎర్రటి ఫైబర్ పలక. ఇదేమిటని మీ బావని అడిగితే "స్పాయిలర్ అంటారట" అని మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ పలక వెనక ఏముందో నీకు తెలియదా? అమ్మ పేరు ఉంది. లూర్దమ్మ అని, పసుపు అక్షరాల్లో, నాన్న చేతిరాత. నిన్ను కన్న వారానికి అమ్మ పోయింది. అప్పటికి నాకు మూడేళ్ళు. ఆమె ఫోటో ఒక్కటుంది, అందులో మొహం కూడా సరిగా పడలేదు. మనకి మిగిలిందల్లా ఆ పేరే. ప్రతి ఏడూ సమాధుల పండుగనాడు నాన్న అమ్మ సమాధికి సున్నం వేసి, ఇంటికొచ్చి, భోజనం కూడా చేయకుండా కారు ముందు చతికిలబడి ఆ అక్షరాలు మళ్ళీ దిద్దేవాడు. నాన్న పోయిన దగ్గర్నుంచి మూడేళ్ళుగా నేను దిద్దుతున్నాను. నా రాత వంకర, అయినా మానలేదు. నవంబరు రెండో తారీఖు వచ్చేస్తోంది. ఈసారి దేని మీద దిద్దమంటావు? నీ ప్లాస్టిక్ మీదా?

అది ఎలాంటి కారో నీకు చెప్పాల్సి రావడం నా ఖర్మ. సిమెంటు ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన దొర, ఇంజను కాలిపోయిందని వదిలేసి దేశం వెళ్ళిపోతే, ఆయన దగ్గర డ్రైవరుగా ఉన్న నాన్న ఊళ్ళు తిరిగి సామాన్లు తెచ్చి బతికించుకున్న బండి. నేను పుట్టిన ఏడాది మనింటికొచ్చింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, వానొస్తే గొడుగు. నాన్న దానికి కొత్తగా ఒక్క మేకు కొట్టలేదు. నువ్వు కింద రేకుకి కన్నాలు పెట్టి బోల్టులు బిగించావు.

ఆదివారం పూజ అయ్యాక షెడ్డు తెరిచి ఉంచుతాను. వచ్చి విప్పుకుని పో.

మీ అక్క,
రూబీ


జగ్గయ్యపేట,
9 అక్టోబరు

గౌరవనీయులైన హెడ్మిస్ట్రెస్ గారి సముఖానికి,

తమరి తాఖీదు అందింది. ఎర్ర ఇంకుతో రాయలేదు, అదే పదివేలు.

ప్లాస్టిక్ అన్నావు. ఇరవై ఏళ్ళుగా ఫైబర్ పని చేస్తున్నా. నీళ్ళ ట్యాంకులు, ఆటో టాపులు, బాత్రూం తలుపులు, ఏది కావాలంటే అది పోస్తా. మీ నందిగామ చర్చిలో క్రిస్మస్ పాకలో పెట్టే గొర్రెలు కూడా నేను పోసినవే. వాటిని చూపించి "మా తమ్ముడి పనితనం ఫాదర్ గారూ" అని చెప్పుకున్నావు. అప్పుడు గుర్తు రాలేదా అది ప్లాస్టిక్ అని?

అది గడ్డం కాదు. నీకు అర్థమయ్యేట్టు చెబుతా, పిల్లలకి పాఠం చెప్పినట్టు. బండి వేగం అందుకున్నాక ఎదురుగాలి ముక్కు కింద దూరుతుంది. దూరి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టవు, స్టీరింగు చేతిలో తేలిపోతుంది. ఆ గాలిని కిందకి పోనీయకుండా అడ్డం నిలబడి పక్కలకి తోసేదే స్పాయిలర్. ఆ కారు తేలికైంది, పాతది, ముక్కు పొడుగు. దానికి కావాలి కాబట్టి పెట్టా. అంతకుమించి ఎందుకని అడక్కు, ఒకళ్ళకి మాటిచ్చా.

ఇంక నేనూ ఒకటి అడుగుతా. ఆగస్టులో ఎవరో మనిషి షెడ్డుకొచ్చి కారు ముందు కూర్చుని టేపు పెట్టి కొలిచాడట. హైదరాబాదులో పాత కార్లు కొనేవాళ్ళు ఇలాగే మనుషుల్ని పంపిస్తారు. నాన్న కారుని బేరం పెట్టావా? నాతో ఒక్క మాట అనకుండానే? నాకు చెప్పకుండా నువ్వు అమ్మొచ్చు, నీకు చెప్పకుండా నేను ఒక స్పాయిలర్ పెట్టకూడదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడం నీకు చిన్నప్పట్నుంచీ ఉంది.

ఆదివారం రాను. విప్పను. అమ్మ పేరు ఎక్కడికీ పోదు. పండుగలోపు మంచి పెయింటరుని పట్టుకొచ్చి స్పాయిలర్ మీద ఇంకా పెద్దగా రాయిస్తా. ఈలోపు నువ్వు ఆ బోల్టుల జోలికి వెళ్ళకు. షెడ్డు ర్యాంపు మీద నేరుగా ఎక్కించొద్దని బావకి చెప్పు, కింద గీసుకుంటుంది. కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి.

తమ విధేయుడు,
రత్నబాబు


నందిగామ,
13 అక్టోబరు

రత్నబాబుకి,

ఆ టేపు పెట్టి కొలిచిన మనిషి వత్సవాయి పెయింటరు. బడి గోడల మీద సూక్తులు రాస్తాడు. నా వంకర రాత చూసి నాకే సిగ్గేసి, ఈ ఏడాది అమ్మ పేరు శుభ్రంగా రాయిద్దామని పిలిపించాను. హైదరాబాదు బేరగాడంట. నీ బుర్రకి ఎప్పుడూ అదే తోస్తుంది.

ఆ పెయింటరు వేళ్ళతో తడిమి "ఇక్కడ రంగు అట్టలాగా పేరుకుపోయిందమ్మా, గీకేసి మొదట్నుంచీ రాద్దామా" అన్నాడు. వద్దన్నాను. నాన్న పూసిన పూతలు ఎవడో గీకడమేమిటి? "ఎర్ర కారు మీద మళ్ళీ ఎర్ర పట్టీ వేసి, దాని మీద పసుపుతో రాశారేంటండీ, నేరుగా రాయొచ్చుగా" అని కూడా అడిగాడు. నాన్న పని అంతే, ఏదైనా రెండుసార్లు చేస్తాడని చెప్పి పంపించేశాను. పండుగకి ముందు మళ్ళీ వస్తానన్నాడు. ఇప్పుడు వచ్చి ఏం చేస్తాడు, నీ గడ్డానికి బొట్టు పెడతాడా?

ఎవరికో మాటిచ్చానన్నావు. ఎవరికో నాకు తెలిసిపోయింది. బట్టల కొట్టు లక్ష్మీకాంత్ గారు నిన్న ఫోన్ చేశారు. దసరా శుభాకాంక్షలు చెప్పి, "మా అబ్బాయి ఊరేగింపుకి మీ కారే అనుకుంటున్నామండి మేడంగారూ, మీ తమ్ముడు ముందు భాగం కూడా ఏదో కొత్తగా చేశాడటగా, చాలా బాగుందంటున్నారు" అన్నారు. అదీ సంగతి. గాలి, వేగం, చక్రాలు అని నాకు పాఠం చెప్పావు. పెళ్ళి ఊరేగింపులో బండి నడిచే వేగానికి ఏ గాలి లేపుతుందిరా? పూలదండలు కట్టుకోవడానికి అందంగా ఉంటుందని పెట్టావు. అమ్మ పేరు కనబడితే వాళ్ళ పెళ్ళికి బాగోదని కప్పేశావు. చచ్చిపోయినామె పేరు పెళ్ళి బండి మీద ఉండకూడదు కదా మరి.

నాకెందుకింత పట్టింపని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. చెబుతాను విను. ఈ కారు తరవాత నాన్న కొన్న టాక్సీ జీపు వెనక నీ పేరు రాయించాడు, రత్నబాబు అని, రెండు పక్కలా నెమళ్ళు వేయించి. కారు మీద అమ్మ పేరు. నాకు పదేళ్ళప్పుడు ఆ జీపు వెనక నిలబడి ఏడ్చాను. "నా పేరేదీ" అంటే నవ్వి, "నీ పేరు ఉండాల్సిన చోట ఉందిలేవే" అన్నాడు. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పెద్దవాళ్ళు చెప్పే మాట. మళ్ళీ అడగలేదు. నాకంటూ ఏదీ రాయకపోయినా పరవాలేదు, అమ్మ పేరు దిద్దే పని నాకు మిగిలిందిలే అనుకున్నాను. ఇప్పుడు దాని మీద కూడా నువ్వు పలక బిగించావు.

లక్ష్మీకాంత్ గారికి కారు లేదని చెప్పేశాను. నువ్వు కూడా చెప్పు.

రూబీ


జగ్గయ్యపేట,
17 అక్టోబరు

అక్కా,

నువ్వు రాసింది చదివి పనిలోకి వెళ్ళబుద్ధి కాలేదు. ఫైబర్‌కి పోసే రెజిన్ జిగురు కలిపి పక్కన పెట్టి మర్చిపోయా, డబ్బాలోనే గడ్డకట్టింది. అమ్మ పేరు కనబడితే పెళ్ళికి బాగోదని కప్పేశానంటావా? నీ నోటికి హద్దు లేదు.

లక్ష్మీకాంత్ గారి సంగతి విను. ఆయన అడిగిన మాట నిజం. నేను ఇవ్వనన్నా. ఆయన కారు ఫోటో చూసి ముచ్చటపడ్డాడు గానీ, వాళ్ళు మాట్లాడుకున్న కళ్యాణ మండపం గేటు దగ్గర నడుమెత్తు స్పీడ్ బ్రేకరుంది. "ఆ ముందరిది ఒక్కరోజుకి విప్పి ఇవ్వు బాబూ" అన్నాడు. ఊరేగింపుకే పెట్టినవాణ్ణయితే ఊరేగింపుకి అడ్డమొచ్చేది ఎందుకు పెడతా? విప్పనన్నా, బండి ఇవ్వనన్నా. ఆయనకి కోపమొచ్చి నన్నొదిలి నీకు చేశాడు. నువ్వేమో ఎవరేం చెబితే అది నమ్ముతావు, నేను చెబితే తప్ప.

సరే. మాటిచ్చానన్నానుగా. ఇచ్చింది నీ కూతురికి. ఇన్ని మాటలు పడ్డాక ఇంక దాచలేను, అది నన్ను తిట్టుకున్నా సరే.

మహిమకి ఇక్కడి బ్యాంకులో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి, సాయంత్రం బస్సెక్కే ముందు నా షాపుకొచ్చి టీ తాగి వెళ్తుంది. ఆగస్టులో కారు నా దగ్గరున్నప్పుడు, బ్రేకులు బిగించాక ఒక రౌండు వేసొస్తానని తాళం తీసుకుంది. చిల్లకల్లు దాటి హైవే మీదకి పోయింది. తిరిగొచ్చాక మొహంలో రక్తం లేదు. "మావయ్యా, తొంభై దాటాక కారు నా మాట వినట్లేదు. స్టీరింగు తిప్పినా తిరగనట్టే ఉంది, గాల్లో పోతున్నట్టుంది. పక్కనుంచి సిమెంటు లారీ వెళ్తే లాక్కుపోయింది" అంది. అప్పుడు గట్టిగా అడిగితే చెప్పింది. నువ్వు ఆదివారం చర్చిలో స్త్రీల మీటింగులో కూర్చుంటే, అది షెడ్డు తీసి కంచికచర్ల దాకా పోయి వస్తోందట. ఏడాది నుంచి. తాతయ్య కారు, నాకు కాకపోతే ఎవరికి అంటుంది.

నువ్వు దాన్ని ఆ బండి ముట్టుకోవద్దన్నావు. అందుకే నీకు చెప్పలేదు. నేనూ మానమంటే మానేది కాదు, అది నీ కూతురు. నాకు వచ్చిన పని ఒక్కటే. ఆ ముక్కు నేలని వదలకుండా చేయడం. నెలరోజులు ఆ పనే చేశా. పెట్టాక నేనే తోలి చూశా. వంద మీద కూడా స్టీరింగు బరువుగా, చెప్పినట్టు విన్నది.

ఇప్పుడు తెలిసిందిగా. పిల్లని ఏమీ అనకు. బోల్టులు ముట్టుకోకు.

నీ తమ్ముడు,
రత్నబాబు


నందిగామ,
21 అక్టోబరు

రత్నబాబు,

పిల్లని ఏమీ అనకు అని రాశావు. అన్నాను. అనాల్సినవన్నీ అన్నాను. అది నాతో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే టిఫిన్ తినకుండా బస్సెక్కుతోంది. కారు తాళం బియ్యం డబ్బాలో అడుక్కి తోశాను.

ఒక ఆడపిల్ల ప్రాణం మీదకి తెచ్చుకుంటోందని తెలిస్తే మేనమామ అన్నవాడు ఏం చేస్తాడు? తాళం లాక్కుంటాడు. తల్లికి చెబుతాడు. నువ్వేం చేశావు? ఇంకా వేగంగా పోయినా ఫరవాలేదని బండికి అమర్చి ఇచ్చావు. పైగా వంద మీద చూశానని గొప్ప. ఎద్దు పుండు కాకికి ముద్దా? నీకు నీ పనితనం చూపించుకోవడానికి ఒక బండి దొరికింది, అంతే.

అందుకని నిన్న ఆదివారం నేనే విప్పాను. మీ బావ పేపరు లాగేసి పానా చేతికిచ్చాను. ఆయన కింద పడుకుని బోల్టులు తిప్పితే నేను పలక పట్టుకున్నాను. ఒక అంచు నేలకి తగిలి పగిలింది. పగలనీ అనుకున్నాను.

పలక ఊడి వచ్చింది. అక్కడ అమ్మ లేదు.

ఏ అక్షరం లేదు. నాన్న వేసిన ఎర్ర పట్టీ కూడా లేదు. గోడ మీంచి పాత క్యాలెండరు తీసేస్తే మిగిలే చోటులాగా, ఎండ తగలని కొత్త ఎరుపు, అంతే. నేను నేల మీద కూర్చుండిపోయాను. మీ బావ భయపడి మంచినీళ్ళు తెచ్చారు.

"అమ్మ పేరు ఎక్కడికీ పోదు" అని రాశావు. నీ ఉత్తరం నా దగ్గరుంది. "బోల్టుల జోలికి వెళ్ళకు" అని ఒకసారి కాదు, రెండుసార్లు రాశావు. స్పాయిలర్ కోసం కాదన్నమాట. గీకేసి, పైన కప్పి, పండుగకి కొత్తగా రాయించి నన్ను పిచ్చిదాన్ని చేద్దామనుకున్నావు.

నిన్ను కన్నందుకే పోయింది ఆమె. యాభై ఏళ్ళు వస్తున్నా నేను నోటితో ఎప్పుడూ అనని మాట. ఇవాళ రాస్తున్నాను, చదువుకో. ఆమెని ఒకసారి తీసుకుపోయావు. మిగిలిన పేరు కూడా తుడిచేశావు.

పండుగకి సమాధుల దగ్గరికి రాకు. నాకు తమ్ముడు లేడనుకుంటాను. ఇదే నా ఆఖరి ఉత్తరం.

రూబీ


జగ్గయ్యపేట,
25 అక్టోబరు

అక్కా,

ఆ మాట నువ్వు అనలేదు, నిజమే. నాయనమ్మ అనేది. నేను అన్నం సరిగా తినకపోయినా, పరీక్ష తప్పినా అదే మాట. అప్పుడు నా చెవులు మూసిందానివి నువ్వే. ఇప్పుడు నువ్వే రాశావు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది. ఉత్తరం చించేద్దామని మూడుసార్లు తీసి మళ్ళీ మడతపెట్టా.

నేను గీకలేదు. నమ్మితే నమ్ము.

స్పాయిలర్ పై అంచు బంపర్ కింది రేకుకి సందు లేకుండా అంటుకోవాలి. లేకపోతే గాలి దూరి కొట్టుకుంటుంది. అందుకని ముందు ఆ రేకు మీదే ఫైబర్ పరిచి అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం స్పాయిలర్ పోయాలి. రెజిన్ దేన్నైనా పట్టుకుంటే వదలదు. అందుకే ముందు మైనం పూసి, గుడ్డతో గట్టిగా రుద్ది, ఆరాక మళ్ళీ పూసి మళ్ళీ రుద్దాలి. నాలుగైదు పూతలు పడాలి. అప్పుడే అచ్చు శుభ్రంగా ఊడి వస్తుంది. ఇది నా దగ్గర చేరిన కుర్రాడికి మొదటి రోజు నేర్పే పని.

రేకంతా రుద్దా. అమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆమె మొహం మీద గుడ్డ వేసి రుద్దుతున్నట్టు అనిపించింది. వేలి కొసలతో మెల్లగా అద్ది, చాల్లే అనుకున్నా. ఇరవై ఏళ్ళ పనిలో ఎక్కడా అలా వదల్లేదు. గట్టిగా రుద్దుంటే పేరు ఉండేది. గౌరవం చూపించబోయి పోగొట్టా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అచ్చు లాగితే టప్పుమని వచ్చింది. రేకు వైపు చూస్తే ఏమీ లేదు. అచ్చు లోపల చూశా. రంగు పొర మొత్తం దానికే అతుక్కుని ఉంది, కానీ పేరు లేదు. ఎరుపు, అందులో ఏవో తెల్లచారలు. పసుపు అన్నది ఎక్కడా కనపళ్ళేదు. ముక్కలై కలిసిపోయిందనుకున్నా. గోడవైపు తిప్పిపెట్టి గోనెపట్టా కప్పేశా. మళ్ళీ దాని మొహం చూడలేదు. స్పాయిలర్ మీద కొత్తగా రాయించేదాకా నీకు తెలియకూడదనుకున్నా. అది తప్పే.

ఇంకొక్కటి రాసి ఆపేస్తా. నీకు అమ్మ మూడేళ్ళు ఉంది. ఎత్తుకుని ఉంటుంది, తిట్టి ఉంటుంది, గోరుముద్దలు పెట్టి ఉంటుంది, నీకు గుర్తులేకపోయినా. నాకు అమ్మంటే ఆ పసుపు అక్షరాలే. నేను చదవడం నేర్చుకున్నది కూడా వాటి మీదే, నువ్వే నేర్పావు. దాన్ని నేను కావాలని చెరిపేస్తానా?

అచ్చు బస్సులో పంపిస్తున్నా. అమ్మ పేరు మిగిలిందేదైనా ఉంటే అందులోనే ఉంది. నా దగ్గర ఉంచుకునే హక్కు లేదు. పండుగకి రానులే.

రత్నం


నందిగామ,
2 నవంబరు

రత్నం,

ఆఖరి ఉత్తరం అని రాశాక మళ్ళీ రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

నీ పార్సిలు సోమవారమే వచ్చింది. మీ బావ బస్టాండుకి వెళ్ళి ఆటోలో తెచ్చారు. నేను విప్పనివ్వలేదు. వసారాలో గోనెపట్టాతో అలాగే నిలబెట్టి, వస్తూ పోతూ దానికేసి చూడకుండా తిరిగాను. ఇవాళ పొద్దున సమాధుల దగ్గరికి వెళ్ళాం. అమ్మకి, నాన్నకి సున్నం వేశాను, కొవ్వొత్తులు పెట్టాను, బంతిపూలు వేశాను. ఇంటికొచ్చాక చేతులు కడుక్కోబోయి ఆగిపోయాను. ఈ రోజు ఈ వేళకి రంగు డబ్బా తీసే అలవాటు కదా. దిద్దడానికి ఏమీ లేదు. అప్పుడు మీ బావని పిలిచి పట్టా కోయమన్నాను.

నువ్వు చెప్పినట్టే ఉంది. ఎరుపు, తెల్లచారలు, పైన దుమ్ము. తడిగుడ్డతో తుడిచాను. చారలు కావు. వంకరలు తిరిగిన గీతలు, ఏదో రాసినట్టే ఉంది కానీ చదవడానికి రాదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల కోడిగీతలు చదువుతున్నాను, ఇది నాకు అందలేదు. అప్పటికి పన్నెండు రోజులుగా నాతో పలకని మహిమ వెనకొచ్చి నిలబడింది. కాసేపు చూసి, లోపలికి వెళ్ళి చేతి అద్దం తెచ్చింది. "వెనక నుంచి చూస్తున్నావమ్మా. రంగు పై వైపు ఫైబర్‌కి అతుక్కుంది, మనకి కనపడేది అడుగు. అన్నిటికంటే ముందు పూసింది" అంది. అద్దం ఎదురుగా పట్టింది.

అద్దంలో రూబీ అని ఉంది.

తెల్ల అక్షరాలు. గుడిదీర్ఘం చివర నాన్న ఎప్పుడూ తిప్పే ఆ కొక్కెంతో సహా. నేను పుట్టిన ఏడాది కారు వచ్చిందంటే, వచ్చీ రాగానే నా పేరే రాశాడు. మూడేళ్ళకి అమ్మ పోతే, దాని మీద ఎర్ర పట్టీ వేసి, పట్టీ మీద అమ్మ పేరు రాశాడు. ఎర్ర కారుకి ఎర్ర పట్టీ ఎందుకని ఆ పెయింటరు అడిగిందానికి జవాబు ఇప్పుడు దొరికింది. అమ్మ పేరు ఎక్కడికీ పోలేదు. అదే పొరలో, ఫైబర్ వైపు తిరిగి, నా వెనక ఉంది. అంచు దగ్గర పొర కాస్త లేచిన చోట పసుపు కనపడుతోంది.

నాకు కోపంగా ఉందిరా. నీ మీద కాదు, నీ మీద ఉన్నది వేరే. ఆ మనిషి మీద. "నీ పేరు ఉండాల్సిన చోట ఉందిలేవే" అన్నాడు కదా, నలభై ఏళ్ళు ఆ మాట నాకు ముల్లులా ఉంది. నిజమే చెప్పాడు. అర్థమయ్యేట్టు చెప్పలేదు. కింద నువ్వున్నావే, పైన మీ అమ్మ ఉంది అని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయేది? మధ్యాహ్నం మళ్ళీ సమాధుల దగ్గరికి వెళ్ళాను. పండుగ రోజు చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. పెట్టుకున్నాను. అక్కడే నిలబడి అడగాల్సినవన్నీ అడిగాను. పక్క సమాధి దగ్గరున్న వాళ్ళు కొవ్వొత్తి పట్టుకుని దూరం జరిగారు.

పై మూడు పూతలూ నావే కదా. మూడేళ్ళు నా పేరు మీద నేనే రంగు పూసుకుంటూ, నాకెవరూ ఏమీ రాయలేదని కుళ్ళుకున్నాను. నువ్వు గట్టిగా రుద్ది ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ పెయింటరు గీకి ఉంటే పొడి అయి పోయేది. నీకు థాంక్స్ చెప్పను. దాచినందుకు నీకు పడాల్సినవి ఇంకా ఉన్నాయి, ఎదురుగా పడతాయి.

ఆ మాట సంగతి. వెనక్కి తీసుకుంటానంటే కుదరదు, రాసి పోస్టులో వేశాను. అది నాయనమ్మ మాట, నా నోట్లోకి ఎలా వచ్చిందో నాకే అసహ్యంగా ఉంది. అమ్మ నీ వల్ల పోలేదు. ఆ ఉత్తరం మళ్ళీ మడతపెట్టానన్నావు. తీసి చించెయ్యి. చించానని నాకు రాయి.

అచ్చు నా గదిలో గోడకి కొట్టించాను, లోపలి వైపు బయటికి పెట్టి. స్పాయిలర్ అంచు పగిలిందన్నాను కదా, నీ ఫైబర్ మ్యాటూ రెజినూ తెచ్చుకుని అతుకు వేసి మళ్ళీ బిగించు. అంతమాత్రాన మహిమకి తాళం ఇస్తాననుకోకు, అది బియ్యం డబ్బాలోనే ఉంది. ముందు నువ్వు హైవే మీద తోలాలి, పక్కన నేను కూర్చుంటాను. ముక్కు లేస్తుందో లేవదో నేనే చూస్తాను. ఆ తరవాత దాని సంగతి ఆలోచిద్దాం.

బిగించాక దాని మీద పేర్లు రాయాలి. వత్సవాయి పెయింటరు వద్దు, మనమే రాద్దాం, వంకరైతే వంకర. వచ్చే ఆదివారం పూజకి ముందే రా. పసుపు డబ్బా నా దగ్గర ఉంది. తెల్ల రంగు నువ్వు తీసుకురా.

అక్క